వియ్యంకుని జామీను

లేడీ కానిస్టేబుల్ గేటు తీసుకుని లోపలికి వచ్చేసరికి భావన మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకుని మెట్లు దిగుతోంది. మిర్యాలగూడలో బట్టలు ఆరేస్తే చాలదు, తీసేటప్పుడు దులపాలి. మిల్లుల గొట్టాల్లోంచి లేచే ఊక బూడిద సన్నగా, నల్లగా అన్నిటి మీదా కూర్చుంటుంది. కోదాడ నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకు ఇదే పెద్ద బెంగ. ఏడాది దాటాక అలవాటైపోయింది.

"ఆండాళు ఇల్లు ఇదేనా అమ్మా?" అని అడిగింది కానిస్టేబుల్. చొక్కా మీద మౌనిక అని పేరుంది. చిన్న వయసే, ఉద్యోగం కొత్తలా ఉంది.

"ఆవిడ మా అత్తయ్యగారండీ. కానీ చనిపోయి చాలా ఏళ్లయింది."

మౌనిక చేతిలోని కాగితం ఒకసారి చూసుకుంది. "సచ్చిపోవుడేంది? సూర్యాపేట జైల్ల ఉన్నది గదా. పెరోల్ పెట్టుకున్నది. ఇంటోళ్లు రానిస్తరా లేదా అని ఎంక్వైరీకొచ్చిన."

"మీరు ఇల్లు పొరబడ్డారు."

"భర్త సుధాకర్, లేడు. కొడుకు హరీష్. మరిది ఉపేందర్, రైస్ మిల్లు. గిదే ఇల్లు గదా? నువ్వేమైతవ్ మరి?"

"హరీష్ గారి భార్యని," అంది భావన. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అనిపించింది. చేతుల్లోని బట్టలు అట్లాగే గుండెకు అదుముకుని నిలబడిపోయింది.

తెరిచిన తలుపులోంచి హాల్లో గోడ కనిపిస్తోంది. గోడ మీద రెండు ఫోటోలు, పక్కపక్కనే. ఒకటి మామగారిది, ఒకటి అత్తగారిది. రెంటికీ గంధపు చెక్క దండలు. శుక్రవారం శుక్రవారం తలంటుకుని, మల్లెపూలు కొనితెచ్చి రెండు ఫోటోలకూ పెట్టేది భావనే. పెళ్లికి ముందే చెప్పారు: పిల్లవాడికి తల్లీతండ్రీ లేరు, కారు యాక్సిడెంట్‌లో ఇద్దరూ ఒకే రోజు పోయారు, బాబాయే పెంచాడు అని. తల్లి లేని పిల్లవాడని పెళ్లిచూపుల్లోనే భావన అమ్మ కళ్లు తుడుచుకుంది.

మౌనిక కూడా ఆ ఫోటోల వైపు చూసింది. చేతిలోని కాగితం మడత పెట్టింది.

అంతలో ఉపేందర్ భోజనానికి వచ్చాడు. బైకు దిగుతూనే ఖాకీ చొక్కా చూసి మొహం చిట్లించాడు. "ఎంక్వైరీ అంటే మిల్లు కాడికి రావాలె. ఇంటికెందుకొచ్చినవ్? ఇన్నేండ్లు అందరు మిల్లు కాడికే వచ్చిన్రు."

"కాయితంల ఇంటి అడ్రస్ ఉన్నది సార్."

"రాసుకో. ఆమెతోని మాకు ఏ సంబంధం లేదు. మేం రానియ్యం. జామీను ఇయ్యం. అయిపాయె, పో."

పొరపాటు పడ్డావనీ అనలేదు, వదిన చచ్చిపోయిందనీ అనలేదు. సంబంధం లేదన్నాడు. 

*

వంటింట్లో ఉపేందర్ భార్య, చిన్నత్త సుకన్య అన్నం వార్చడం ఆపి, గోడకు చేరగిలి కూర్చుంది. ఏదో ఒకనాటికి ఇది జరుగుతుందని ఆమెకు తెలిసినట్టే ఉంది.

"యాక్సిడెంట్ గాదు బిడ్డా," అంది. "మా అక్క రోకలి తీస్కొని మా బావను కొట్టింది. పగటి పూట, గీ వంటింట్లనే. ఒక్కటే దెబ్బ. దవాఖానకు తీస్కపోయెటాలకు పాణం పోయింది."

భావన తను నిలబడ్డ చోటు నుంచి ఒక అడుగు పక్కకు జరిగింది. ఏడాదిగా తను చపాతీలు ఒత్తుతున్న, పోపులు పెడుతున్న గది.

"ఎందుకు కొట్టారు?"

"ఎందుకంటె ఏం చెప్పాలె. తాగితే మా బావ మనిషి గాదు. అక్క చేతుల మీద వాతలు నేను సూసిన. అడిగితే నూనె సిట్లిందనేది. ఆ పొద్దు ఏమైందో నాకు తెల్వదు, నేను పుట్టింట్ల ఉన్న. జీవితఖైదు పడ్డది."

"ఆయనకు ఇదంతా తెలుసా?"

సుకన్య చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "వానికి తెల్వకపోవుడేంది? వాడు గీడనే పళ్లెం ముందల కూసున్నడు. పన్నెండేండ్లు వానికి. వాని సాక్ష్యం మీదనే శిక్ష పడ్డది."

సాయంత్రం హరీష్ ఇంటికొచ్చేసరికే అతనికి విషయం తెలిసిపోయింది. బాబాయి ఫోన్ చేసి ఉంటాడు. బూట్లు విప్పకుండానే మంచం మీద కూర్చున్నాడు. భావన గుమ్మంలోనే నిలబడింది. 

"బతికున్న మనిషికి నా చేత పూలు పెట్టించారా?"

హరీష్ తల ఎత్తలేదు. "పెండ్లి సంబంధాలు వచ్చినప్పుడు బాబాయే గట్ల చెప్పిండు. నిజం చెప్తే పిల్లనెవ్వలిస్తరన్నడు. ఒకసారి చెప్పినంక ఇగ వెనక్కి తీస్కునుడు రాలే."

"అంతకుముందు? ఎప్పుడన్నా వెళ్లి చూశారా?"

"ఏం మొకం పెట్టుకొని పోవాలె? నా మాటతోనే లోపటికి పోయింది. కోర్టుల నేను బోనెక్కినప్పుడు ఆమె ఒక్కపారి గూడ నా దిక్కు సూడలే. కిటికీ దిక్కే సూస్కుంట నిలవడ్డది. నేను సచ్చినోనితోని సమానం అనుకున్న ఆమెకు." కొంచెం ఆగి అన్నాడు, "నాక్కూడ ఆమె గట్లనే అనుకున్న."

ఇంక భావన అక్కడ ఉండలేకపోయింది. మర్నాడు పొద్దున్నే పుట్టింటికి పోతున్నానని చెప్పి కోదాడ బస్సెక్కింది. హరీష్ ఆపలేదు. నేరేడుచర్ల, హుజూర్‌నగర్ దాటేవరకూ కిటికీలోంచి పచ్చటి పొలాలే కనబడ్డాయి గానీ ఆమె కళ్లకు అవేవీ ఆనలేదు. కోదాడలో దిగి ఇంటికి పోలేదు. అదే బస్టాండులో సూర్యాపేట బస్సు కనిపిస్తే ఎక్కేసింది. ఎందుకెక్కిందో ఆమెకే తెలియదు. ఒకసారి ఆ మనిషిని కళ్లారా చూడాలి, అంతే.

*

ఆడవాళ్ల జైలు సూర్యాపేట ఊరు దాటాక హైవే పక్కన ఉంది. ఖైదీలను కలవడానికి వచ్చేవాళ్ల ములాఖత్ కిటికీ దగ్గర ఆధార్ కార్డు చూపించి, 'కోడలిని' అని చెప్పగానే అక్కడున్న మనిషి లేచి లోపలికి పోయింది. కాసేపటికి డిప్యూటీ జైలర్ రజిత మేడం స్వయంగా వచ్చింది.

"ఆండాళుకు నేను వచ్చినంక ఒక్క ములాఖత్ గూడ రాలేదమ్మా," అంది, భావనను తన గదిలో కూర్చోబెట్టి. "నువ్వు నిజంగనే కోడలివా?"

"నిన్నటిదాకా నాకే తెలియదండీ."

రజిత మేడం తన కుర్చీ దగ్గరికి జరుపుకుంది. మంచినీళ్లు తెప్పించింది. తర్వాత తనే చెప్పుకొచ్చింది. జైలుకు హైవే మీద పెట్రోల్ బంకు ఉంది. మంచి నడవడి ఉన్న ఖైదీలను ఎంపిక చేసి అక్కడ పనికి పంపుతారు. పగలంతా బయటి గాలి, బయటి మనుషులు. ఫోన్ మాత్రం ముట్టుకోవద్దు, బయటివాళ్లతో సొంత సంగతులు మాట్లాడొద్దు. ఆ పనికి అందరూ ఎదురుచూస్తారు. ఆండాళు అక్కడ అందరికీ పెద్ద. కొత్తగా వచ్చినవాళ్లకు పంపు పట్టడం నేర్పేది కూడా ఆమే.

"పోయినేడు మాఘమాసంల ఒక పని చేసింది. డీజిల్ కొట్టించుకోనీకి బియ్యం లారీ వచ్చింది. బస్తాల మీద వాళ్ల మిల్లు పేరున్నది. డ్రైవర్‌ను ఓనర్ మంచిగున్నడా అని అడిగిందట. ఆ పోరడు ఏమెరుగక, 'మా చిన్న సేటు పెండ్లి ఇయ్యాల కోదాడల' అని చెప్పిండు. వాని ఫోన్ అడుక్కొని, బస్తా మీదున్న నంబర్‌కు కొట్టింది. నిమిషం గూడ మాట్లాడలే. కెమెరాల పడ్డది."

"తర్వాత?"

"తర్వాతేముంది. బంకు పని బంద్. మళ్ల వంటశాలల ఏసినం. వారం వారం ఫోన్ చేసుకునేది బంద్. ఆమె ఎవ్వరికీ చేసుకోకపోయేది, అది వేరే సంగతి. మంచి నడవడికని శిక్షల కొట్టేసిన రోజులన్నీ మళ్ల కలిపిన్రు. పెరోల్ కాయితం వెనక్కి వచ్చింది. ఎందుకు చేసినవ్ ఆండాళు అని నేనే అడిగిన. కొడుకు గొంతు ఇందామనుకున్న మేడం, ఎవరో ఆడపిల్ల ఎత్తింది అన్నది."

భావన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మంగళస్నానం చేయించి గదిలో కూర్చోబెట్టిన పొద్దు అది. మగపెళ్లివారి పిల్లలెవరో, మిల్లు బస్తాల మీద వేసే నంబరున్న హరీష్ ఫోన్ పట్టుకొచ్చి, దాచిపెట్టమని ఆమె ఒళ్లో పడేసి ఆడుకోడానికి పోయారు. అంతలోనే మోగింది. ఎత్తింది. పెళ్లిపిల్లవా అని అడిగింది ఒక ఆడగొంతు. అవునండీ, ఎవరు అంటే బంకు నుంచి అంది. లారీ లెక్కలేమో అనుకుంది తను. "అన్నం తిన్నవా బిడ్డా?" అని అడిగింది ఆ గొంతు. ఇంకా లేదండీ, ఉపవాసం అంది. "మంచిది, మంచిది. సల్లగుండు" అని పెట్టేసింది. భావన ఆ సంగతి ఆ నిమిషంలోనే మరిచిపోయింది.

"ఎత్తింది నేనే మేడం," అంది.

రజిత మేడం బల్ల మీది ఫైలు దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడిప్పుడే మళ్ల పెరోల్‌కు పెట్టుకో అని నేనే ఎగదోసిన," అంది. "ఒక్కసారి ఇంటికి పోయి, గొడవ లేకుండ టైముకు తిరిగొస్తే, ముందు ముందు విడుదల కమిటీ ముందల పేరు పెట్టొచ్చు. అసలు ఇల్లే లేనోళ్ల పేరు ఎవరు పెడ్తరమ్మా?"

*

ఇనుప జాలీకి అవతలి వైపు ఆండాళు వచ్చి నిలబడింది. సన్నగా, నిటారుగా ఉంది. జుట్టు ముందు భాగమంతా తెల్లబడింది. ఫోటోలోని బొద్దు మొహం ఎక్కడా లేదు. ఆ కళ్లు మాత్రం హరీష్‌వే.

"వానికేమన్నయిందా?" అని అడిగింది మొదటి మాటే. ఆమె చేతులు జాలీని పట్టుకుని ఉన్నాయి. పద్నాలుగేళ్ల తర్వాత ఇంటి నుంచి మనిషి వస్తే చెడ్డ కబురు తప్ప ఇంకేముంటుంది అనుకుందేమో.

"ఏం కాలేదు అత్తయ్యా. బాగున్నారు. నేను భావనని. ఆ రోజు ఫోన్‌లో..."

ఆండాళు మొహం విప్పారింది. "నువ్వా? ఉపవాసమున్న అన్నవు. తర్వాతన్నా తిన్నవా?"

భావనకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే, దాచాలన్న ఆలోచన కూడా రాకుండా, చెప్పేసింది. "మీరు ఉన్నారని నాకు తెలియదత్తయ్యా. మీ ఫోటోకి పూలు పెట్టుకుంటూ వచ్చాను."

ఆండాళుకు మొదట అర్థం కాలేదు. తర్వాత మెల్లగా జాలీ వదిలేసింది.

"దండేసిన్రా?"

భావన నోరు మూసుకుంది. అప్పటికే చెయ్యి దాటిపోయింది.

"ఎట్ల సచ్చిపోయిన్నట?"

"యాక్సిడెంట్ అన్నారు. మామయ్యగారితో పాటే."

"ఉపేందర్ అన్నడా?" ఆండాళు గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "వాడు గూడ అన్నడా? హరీష్ గూడ నీకు గదే చెప్పిండా?"

అబద్ధం ఆడదామనుకుంది భావన. ఆ కళ్లు చూస్తూ ఆడలేకపోయింది. తల ఊపింది.

ఆండాళు నిలబడ్డ చోటే కిందికి జారి కూర్చుంది. జాలీ కింద గోడ ఉంది కాబట్టి భావనకు ఆమె కనిపించడం మానేసింది. "అత్తయ్యా, అత్తయ్యా" అని పిలిస్తే గోడ అవతల నుంచి జవాబు రాలేదు. వార్డర్ వచ్చి చెయ్యి పట్టి లేపితే లేచింది. వెనక్కి తిరిగి, "మేడంకు చెప్తా, పెరోల్ వద్దని రాసిస్త. మీ కాపురం పాడు చేస్కోకు బిడ్డా. పో," అంది. అంతే, లోపలికి వెళ్లిపోయింది.

*

భావన నాన్న వెంకటయ్యది కోదాడలో కిరాణా దుకాణం. కూతురు చెప్పినదంతా విని, ఎదురుగా ఉన్న గిరాకీని పొమ్మని, పట్టపగలే షట్టర్ దించేశాడు. ఇంటికొచ్చి నడవాలో అటూ ఇటూ తిరిగాడు. భావన అమ్మ ఒక మూల కూలబడి ఏడుపు.

"ఎంత మోసం! హంతకురాలి కొడుక్కి నా పిల్లనిచ్చానా? నేను రేపే వెళ్లి నలుగురిలో పెడతాను. నువ్వింక ఆ గడప తొక్కొద్దు," అన్నాడు వెంకటయ్య.

"నన్ను పంపకపోయినా సరే నాన్నా. ముందు ఆవిడకి జామీను ఇవ్వండి."

వెంకటయ్య అడుగు ఆగిపోయింది. "ఏమన్నావు?"

"ఇక్కడికే తీసుకొద్దాం. మన ఇంటికి."

"మతి పోయిందా నీకు? మొగుణ్ణి చంపిన మనిషిని తెచ్చి ఇంట్లో పెట్టుకోమంటావా? అందునా వియ్యంకుల ఇంటికి? ఊళ్లో నా మొహం మీద ఉమ్మేస్తారు!"

ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. రెండు మూడు రోజులు వెంకటయ్య కూతురితో మాట్లాడలేదు. మిర్యాలగూడకు మాత్రం పోలేదు. ఉపేందరే ఫోన్ చేసి, "బావగారు, పిల్లకు నచ్చజెప్పి పంపుండ్రి. ఇంటి సంగతులు బజార్ల పెట్టుకుంటమా?" అన్నాడు. క్షమాపణ మాట రాలేదు. ఆ ఫోన్ పెట్టేశాక వెంకటయ్య గల్లాపెట్టెలోని చిల్లర తీసి, లెక్కపెట్టి, మళ్లీ అందులోనే పోశాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఉన్నట్టుండి భార్యతో అన్నాడు. "పెళ్లిలో మనం కాళ్లు కడగాల్సిన వియ్యపురాలు ఆవిడ. ఆ రోజు ఆవిడ బతికుండి, అంత దగ్గర్లో లారీలకి డీజిల్ పోస్తోంది. మనకేమో ఇక్కడ తల్లి లేని పిల్లోడని జాలి. నన్ను మోసం చేసింది వాళ్లు. ఆవిడ ఏం చేసింది నన్ను?"

చెయ్యి కడుక్కుని కోదాడ స్టేషన్‌కు పోయి, వియ్యపురాలికి జామీను తనే ఇస్తానని, ఆమె తన ఇంట్లో ఉంటుందని సంతకం పెట్టాడు. అక్కడి ఎస్సై నమ్మలేక రెండోసారి అడిగాడట, "మీరు అమ్మాయి తరఫా, అబ్బాయి తరఫా?" అని. సూర్యాపేటలో ఆండాళును ఒప్పించడానికి రజిత మేడం ఎన్ని మాటలు చెప్పిందో మరి, రాసిస్తానన్న కాగితం ఆమె రాయలేదు.

*

ఆండాళు ఒక చిన్న గుడ్డసంచితో వచ్చింది. వెంకటయ్య "రా చెల్లెమ్మా" అన్నాడు గానీ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. ఆమె కూడా ఎవరి కళ్లలోకీ చూడలేదు. గుమ్మం బయటే ఆగిపోయి, ఎవరో లోపలికి పొమ్మనే దాకా కదల్లేదు.

తెల్లవారి భావన లేచి చూస్తే ఆండాళు మంచం పక్కన చేతులు కిందికి వదిలి నిలబడి ఉంది. "ఏంటత్తయ్యా?" అంటే సిగ్గుపడింది. "జైల్ల మనుషులను లెక్క పెడ్తరు గదా పొద్దుగాల. అలవాటైంది," అంది.

స్టేషన్‌కు పోయి సంతకం పెట్టి వచ్చాక, ఊరికే కూర్చోలేక వంటింట్లోకి వచ్చింది. వంకాయలు గంపలో ఉన్నాయి. "కత్తిపీట యాడున్నది వదినా?" అని అడిగింది. భావన అమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. కత్తిపీట, రోకలి, పచ్చడిబండ అన్నీ ముందు రోజే అటక మీద పెట్టించింది ఆమె. 

ఆండాళుకు అర్థమైంది. గొంతు మాత్రం మామూలుగానే పెట్టుకుంది. "వదినా, మీరే తరుగుండ్రి. నేను పొయ్యి కాడ సూస్కుంట."

భావన అమ్మకు సిగ్గేసింది. అప్పటికప్పుడు స్టూలేసుకుని అటకెక్కింది. కత్తిపీట దించి, తన చేత్తోనే ఆండాళు ముందు పెట్టింది.  ఆండాళు దాన్ని చూస్తూ కూర్చుని, చాలాసేపటికి ఒక వంకాయ అందుకుంది.

హరీష్ వస్తాడని ఎవరూ అనుకోలేదు. భావన అతనికి ఫోన్ చేసి చెప్పింది ఒకటే మాట: "మీ అమ్మ మా ఇంట్లో ఉంది." అతను ఫోన్ పెట్టేశాడు.

నాలుగైదు రోజులు పోయాక ఒక మధ్యాహ్నం వచ్చాడు. వెంకటయ్య దుకాణంలో ఉన్నాడు. భావన లోపల గదిలో ఉంది. ఆండాళు అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. గేటు చప్పుడుకు తల ఎత్తి, గడ్డం పెంచుకున్న పొడుగాటి మనిషిని చూసి, కొంగు సర్దుకుని లేచింది.

"అన్నగారు దుకాణం కాడున్నరు," అంది. "పిలిపియ్యాల్నా? ఎవరొచ్చిన్రని చెప్పాలె?"

గుమ్మంలోకి వచ్చిన భావన ఆ మాట విని అక్కడే ఆగింది.  హరీష్ ఎన్ని మాటలు కూడగట్టుకుని వచ్చాడో, అన్నీ ఆ గేటు దగ్గరే పోయినట్టున్నాయి. గేటు మూసి రెండడుగులు ముందుకు వేశాడు. 

"అమ్మా," అన్నాడు.

చాట చేతిలోంచి జారిపోయింది. బియ్యం అరుగంతా చిందిపోయాయి. ఆండాళు అతని దగ్గరికి పోలేదు. ఉన్న చోటే నిలబడి, తలెత్తి, అతని ఎత్తంతా చూసింది. ఆమె మనసులో ఇన్నేళ్లూ పన్నెండేళ్ల పిల్లవాడే ఉన్నాడు కాబోలు. ఫోన్ చేసిన రోజు కూడా ఆమె వినాలనుకున్న గొంతు ఆ పిల్లవాడిదే.

"ఇంత పెద్దగైనవా?" అంది, భయపడ్డట్టుగా.

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి. భావన లోపలికి పోబోతే హరీష్ ఉండమన్నట్టు చూశాడు.

"ఒక్కటి అడుగుతా," అన్నాడు. "కోర్టుల నా దిక్కు ఎందుకు సూడలే?"

"సూస్తే నువ్వు ఏడుస్తవని. ఏడిస్తే మాట తడబడ్తది, అబద్ధం చెప్తున్నవంటరు."

"నీ వకీలు నన్ను ఒక్క ప్రశ్న గూడ అడగలే. లేచి 'ఏం లేదు' అని కూసున్నడు. ఎందుకని?"

"నేనే వద్దన్న." ఆండాళు చేతులు ఒళ్లో పెట్టుకుంది. "పిల్లగాన్ని అడ్డం తిప్పి అడగాలె, అబద్ధాలకోరని తేల్చాలె, గప్పుడే కేసు నిలవడ్తది అన్నడు. నా కొడుకును గట్ల చేస్తే ఊకోనన్న. వాడు సూసింది వాడు చెప్పిండు. తప్పేమున్నది?"

హరీష్ ఆమె వైపు తిరిగాడు. "నేను సూసిందంతా చెప్పలే అమ్మా. ఎవరు కొట్టిన్రు అని అడిగిన్రు. అమ్మ అని చెప్పిన. ఎందుకు కొట్టింది, అంతకు ముందు ఏమైంది, గదెవ్వలడగలే. నాన్న నిన్ను కిందపడేసి మెడ మీద కాలు పెట్టిండు. నీ గొంతుల నుంచి మాట రాలే. నేను పళ్లెంల చెయ్యి పెట్టి సూస్తనే ఉన్న."

"నువ్వు సూడలే," అంది ఆండాళు వెంటనే. "నీ తల కిందికున్నది. నేను సూసిన. నువ్వు తింటున్నవ్."

"సూసిన. నీ వకీలు అడుగుతడు, చెప్దామని, బాబాయి వద్దన్నా చెప్దామనే నిలవడ్డ. ఆయన అడగకుంట కూసుండె. దిగిపొమ్మన్నరు, దిగిపోయిన. అమ్మకు నేను చెప్పుడు ఇష్టం లేదేమో అనుకున్న. అమ్మ నన్ను వద్దనుకున్నదనుకున్న."

 ఆండాళుకు ఆ మాటలు చెవుల్లోకి పోయినట్టు లేదు. కొడుకు ఏమీ చూడలేదన్న ఒక్క నమ్మకం మీద ఆమె జైలు గోడల మధ్య ఇన్నేళ్లు గడిపింది. వాడి కంట్లో తండ్రి తండ్రిగానే ఉండనీ అనుకుంది. దానికోసమే నోరు మూసుకుంది, వకీలు నోరూ మూయించింది. పిల్లవాడు అంతా చూసి, అడిగేవాళ్ల కోసం ఎదురుచూసి, ఎవరూ అడక్కపోతే మింగేసి, అట్లాగే పెద్దవాడయ్యాడు.

"అడిగితే చెప్పేటోనివా?" అంది. 

"చెప్పేటోన్ని."

"నిజంగనే?"

"నిజంగనే అమ్మా."

ఆమె ఏడవలేదు. అరుగు మీద చిందిన బియ్యం గింజలను ఒక్కొక్కటిగా ఏరడం మొదలుపెట్టింది. ఒక గింజ, ఇంకో గింజ. ఏరిన గింజలు ఎక్కడ పెట్టాలో తెలియక గుప్పిట్లో పట్టుకుంది. హరీష్ కాసేపు చూసి, తనూ వంగి ఏరసాగాడు. భావన లోపలికి వెళ్లి తలుపు వెనక నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

*

గడువు అయ్యే రోజు హరీషే కారులో సూర్యాపేట తీసుకుపోయాడు. వెనక సీట్లో ఆండాళు, భావన కూర్చున్నారు. అప్పటికి అతను బాబాయికి ఎదురు చెప్పి, మిల్లుకు దూరంగా రెండు గదులు కిరాయికి మాట్లాడుకున్నాడు. వచ్చేసారి జామీనుకు ఆ అడ్రస్సే ఇస్తానన్నాడు. ఉపేందర్ అతనితో మాటలు బంద్ పెట్టాడు. సుకన్య మాత్రం చాటుగా ఒక డబ్బాలో సకినాలు పంపింది. వాటిని జైలు గేటు దగ్గర లోపలికి రానివ్వలేదు.

రజిత మేడం గేటు దగ్గరికి వచ్చింది. టైముకు ముందే వచ్చినందుకు ఆమె మొహంలో సంతోషం దాగలేదు. "ఫోన్ మాట్లాడుకునేది మళ్ల ఇచ్చినం ఆండాళు. ఏ నంబర్ రాయాలె?" అని అడిగింది. ఆండాళు కొడుకు వైపు చూసింది. హరీష్ తన నంబర్ చెప్పాడు. చెప్తూ ఒక అంకె తడబడి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.

"బంకు పని?" అని అడిగింది భావన.

"అది నా చేతుల లేదమ్మా. సూద్దాం. ఒకటొకటి."

గేటు లోపల చిన్న వసారా. అక్కడొక వార్డర్ నిలబడి ఉంది. ఆండాళు చెప్పులు విడిచి, గుడ్డసంచి బల్ల మీద పెట్టింది. వార్డర్ ఇంకా నోరు తెరవకముందే, ఎవరూ ఏమీ అనకముందే, రెండు చేతులూ పైకెత్తి, కాళ్లు ఎడంగా పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది. వార్డర్ ఆమె భుజాల నుంచి కిందికి చీర మడతలన్నీ తడిమింది. జుట్టు ముడి విప్పమంది. ఆండాళు విప్పింది. నోరు తెరవమంది. తెరిచింది. ఆ మనిషి ముందు రోజు కోదాడలో, వియ్యపురాలితో గుత్తివంకాయలో కారం ఎంత వెయ్యాలని నవ్వుతూ వాదించిన మనిషే.

హరీష్ గేటు ఊచలు పట్టుకున్నాడు. భావన అతని మోచెయ్యి పట్టుకుంది, లోపలికి ఉరుకుతాడేమోనని. అతను ఉరకలేదు. తల తిప్పుకోబోయి, తిప్పుకోకుండా ఉండిపోయాడు. సోదా అయ్యేదాకా, తల్లి జుట్టు మళ్లీ ముడి వేసుకుని, సంచి అందుకుని, మూల మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా, అట్లాగే చూస్తూ నిలబడ్డాడు.